జపాన్ ఊళ్ల జెండాలు చదవడం ఎలా?

నగోయాలో మొదటిసారి నడిచినప్పుడు నా కళ్లు మ్యాన్‌హోల్ మూతల మీదే ఉన్నాయి. ఒక వలయం, దాని లోపల పెంకుటింటి కప్పులా కిందికి విడిపోయిన రెండు గీతలు. ఆ గుర్తే తర్వాత మున్సిపల్ ఆఫీసు ముందు జెండా మీదా కనిపించింది. ఏదో కంపెనీ లోగో అనుకున్నాను. అది జపనీస్ అంకె ఎనిమిది అని, చుట్టూ వలయం గీసి దాన్ని 1907లో నగర చిహ్నంగా తీసుకున్నారని తర్వాత తెలిసింది. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన ఒవారి తోకుగావా వంశం వాడిన గుర్తు అది. అక్కడివాళ్లు దాన్ని ‘మారు-హచి’ అంటారు. మారు అంటే వలయం, హచి అంటే ఎనిమిది.

ఆ రోజు నుంచి ఏ ఊరికి వెళ్లినా ముందు ఆ ఊరి జెండా వెతుకుతాను. జపాన్‌లో 1,700కు పైగా నగరాలు, పట్టణాలు, గ్రామాలు ఉన్నాయి. దాదాపు ప్రతి ఊరికీ సొంత గుర్తు ఉంటుంది, ఆ గుర్తుతో జెండా ఉంటుంది. పైపైన చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఒకే రంగు బట్ట, మధ్యలో ఒక వంకర గుర్తు, అంతే. కానీ చదవడం తెలిస్తే వాటిలో ఊరి పేరు వినిపిస్తుంది. ఎలా చదవాలో నాకు తెలిసినంత వరుసగా చెబుతాను. జపనీస్ రాకపోయినా పర్వాలేదు. ఒక నోట్‌బుక్, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

మొదటి పని: ఆ జెండా ఎవరిదో తేల్చుకోండి

జపాన్‌లో పైస్థాయిలో 47 ప్రిఫెక్చర్లు, అంటే పెద్ద పరిపాలనా ప్రాంతాలు ఉంటాయి. వాటి కింద మూడు రకాల ఊళ్లు. పేరు చివర ‘షి’ ఉంటే నగరం, ‘చో’ లేదా ‘మాచి’ ఉంటే పట్టణం, ‘సోన్’ లేదా ‘ముర’ ఉంటే గ్రామం. మామూలుగా నగరం కావాలంటే 50,000 జనాభా ఉండాలని 1947 నాటి స్థానిక స్వపరిపాలన చట్టం చెబుతుంది. టోక్యోలో వీటితో పాటు ‘కు’ అనే 23 ప్రత్యేక వార్డులు ఉన్నాయి, వాటికీ సొంత గుర్తులున్నాయి. గ్రామం అనగానే పెద్ద ఊరిని ఊహించుకోకండి. తొయామా ప్రిఫెక్చర్‌లోని ఫునాహాషి గ్రామం మొత్తం వైశాల్యం 3.47 చదరపు కిలోమీటర్లే. సముద్రం మధ్యలో ఉన్న అఒగాషిమా అనే ద్వీప గ్రామంలో ఉండేది రెండు వందల మంది లోపే. అంత చిన్న ఊరికి కూడా సొంత ఆఫీసు, ఎన్నికైన అధ్యక్షుడు ఉంటారు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, నగరమూ ప్రిఫెక్చరూ ఒకే పేరుతో ఉన్నచోట చాలామంది పొరబడతారు. హిరోషిమా నగరం జెండా మీద మూడు అలల గీతలు ఉంటాయి. హిరోషిమా ప్రిఫెక్చర్ జెండా మీద ఉండేది వేరే గుర్తు, ‘హి’ అనే అక్షరాన్ని గుండ్రంగా తిప్పినది. ఒసాకా నగరానిది పడవలకు దారి చూపే గుంజ. ఒసాకా ప్రిఫెక్చర్‌ది సొరకాయ బుర్రల గుత్తి, అది తొయోతోమి హిదెయోషి అనే యోధుడి గుర్తు నుంచి వచ్చింది. ఇంటర్నెట్‌లో జెండా వెతికేటప్పుడు పేరు చివర ‘షి’ ఉందా ‘కెన్’ ఉందా అన్నది తప్పకుండా చూసుకోండి. ‘కెన్’ అంటే ప్రిఫెక్చర్. ఒసాకా, క్యోతోలకు మాత్రం ‘ఫు’ అంటారు.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని చోట్ల అధికార చిహ్నం ఒకటి, ప్రచారానికి వాడే ‘సింబల్ మార్క్’ ఇంకొకటి ఉంటాయి. టోక్యోకు 1889 నాటి సూర్యుడి గుర్తు ఉంది. ఊదారంగు మీద తెల్లగా ఆ గుర్తు వేసిన జెండా 1964లో వచ్చింది. 1989లో పచ్చటి గింకో చెట్టు ఆకులా కనిపించే కొత్త సింబల్ తెచ్చారు, దానితో మరో జెండా కూడా ఎగరేస్తారు. మీరు చూస్తున్నది వీటిలో ఏదో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

రెండో పని: ఊరి పేరు పైకి పలకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. గుర్తు చూడకముందే ఊరి పేరును ముక్కలు చేసి పలకండి. యో-కో-హా-మా. ఫు-కు-ఓ-కా. కు-రే. జపనీస్ లిపిలో ఒక్కో ముక్కకు ఒక్కో అక్షరం ఉంటుంది, మన గుణింతాల్లాగే. ఆ అక్షరాల్లో ఒకటో రెండో జెండా మీద దాక్కుని ఉంటాయి.

పేరు పలికాక దాని అర్థం కనుక్కోండి. కావా అంటే నది, యామా అంటే కొండ, షిమా అంటే ద్వీపం, మత్సు అంటే పైన్ చెట్టు, తా లేదా దా అంటే పొలం, ఓ అంటే పెద్ద. ఈ అరడజను మాటలు తెలిస్తే జపాన్ ఊళ్ల పేర్లు సగం అర్థమవుతాయి. మత్సుమోతో నగరం గుర్తు చూడండి. చుట్టూ పైన్ సూది ఆకులు, మధ్యలో ‘మోతో’ అనే అక్షరం. సగం పేరు బొమ్మలో, సగం అక్షరంలో. పేరు పలకకుండా చూస్తే అది ఏదో పువ్వు అనుకుని వదిలేస్తాం.

మూడో పని: పదకొండు అక్షరాల ఆకారాలు గుర్తుపెట్టుకోండి

జపనీస్‌లో కతాకానా అనే తేలికైన గీతల లిపి ఒకటి, కాంజీ అనే చైనా మూలం ఉన్న అక్షరాలు ఒకటి, హిరగానా అనే వంపుల లిపి ఒకటి ఉన్నాయి. పాత జెండాల్లో మొదటి రెండూ ఎక్కువ, కొత్త జెండాల్లో మూడోది కూడా వస్తుంది. మీరు అన్నీ నేర్చుకోనక్కర్లేదు. ఈ కింది ఆకారాలు నోట్‌బుక్‌లో గీసుకోండి.

కాంజీలో ముందు తేలికైనవి. మూడు నిలువు గీతలు పక్కపక్కనే ఉంటే నది. కవాసాకి నగరం గుర్తు ఈ అక్షరమే. మూడు అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి ఉంటే అంకె మూడు. అడ్డగీత మీద మూడు నిలువు గీతలు త్రిశూలంలా లేచి, మధ్యది ఎత్తుగా ఉంటే కొండ. చేతులు చాపి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటే ‘పెద్ద’. నాలుగు గళ్ల కిటికీలా ఉంటే పొలం. కూడిక గుర్తులా ఉంటే పది.

ఇక కతాకానా. అంకె ఏడులా పైన అడ్డంగా వెళ్లి ఎడమకు ఏటవాలుగా దిగితే ‘ఫు’. టీచర్ పెట్టే టిక్ మార్కులా ఉంటే ‘రే’. ఇనుప దూలాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, అంటే పైన ఒక గీత, కింద ఒక గీత, మధ్యలో నిలువు గీత ఉంటే ‘ఎ’. చతురస్రం ‘రో’. పైన దగ్గరగా, కింద ఎడంగా ఉన్న రెండు గీతలు ‘హా’.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ‘హా’ ఆకారమూ నగోయా జెండా మీది ‘ఎనిమిది’ ఆకారమూ దాదాపు ఒక్కటే. అలాగే ‘రో’ అక్షరమూ ‘నోరు’ అనే కాంజీ ఒక్కలా ఉంటాయి. ‘ఎ’ అక్షరమూ ‘పని, పరిశ్రమ’ అనే కాంజీ ఒక్కలా ఉంటాయి. ఆకారం ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దని ఇందుకే అంటున్నాను. పేరు ముందు పలికిన మనిషికి ఈ టెన్షన్ ఉండదు. నగోయాలో ‘హా’ లేదు, కాబట్టి అది ‘హా’ కాదు. యోకోహామాలో ‘హా’ ఉంది.

ఆ యోకోహామా గుర్తునే ఇప్పుడు చదవండి. వజ్రంలా కుదించిన గీతల గుర్తు అది. అందులో ‘హా’, ‘మా’ అనే రెండు కతాకానా అక్షరాలు కలిసిపోయి ఉన్నాయి. ఆ ఊరివాళ్లు తమ ఊరిని ముద్దుగా ‘హామా’ అనే అంటారు. అక్కడ రేవు 1859లో తెరుచుకుంది. యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1909లో ఈ గుర్తు తీసుకున్నారు.

టోక్యోలోని ఎదోగావా వార్డు పేరు చాలామంది తెలుగువాళ్లకు తెలిసే ఉంటుంది. ఐటీ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్ అందులోదే. ఆ వార్డు గుర్తులో ‘ఎ’ అక్షరం పావురంలా రెక్కలు చాపి ఉంటుంది. అక్కడ ఉండేవాళ్లు వార్డు ఆఫీసు నుంచి వచ్చే కాగితాల మీద ఒకసారి వెతికి చూడండి.

పాత స్పెల్లింగుల సంగతి కూడా తెలుసుకోవాలి. కోబే నగరం గుర్తు ‘కా’ అనే అక్షరం నుంచి వచ్చింది. పేరు ‘కో’తో మొదలైతే గుర్తు ‘కా’ ఎలా అయింది? ఎందుకంటే 1907లో ఆ గుర్తు తీసుకునే నాటికి పాత పద్ధతిలో ఆ పేరును ‘కా-ఉ-బె’ అని రాసి ‘కోబే’ అని పలికేవారు. మన పాత పుస్తకాల్లో రాసేది ఒకటి, పలికేది ఒకటి ఉండదూ, అలాంటిదే. పైగా ఆ గుర్తులోని రెండు వంపులు విసనకర్రల్లాంటి రెండు రేవులను కూడా సూచిస్తాయి. మీరు చూస్తున్న గుర్తులో అక్షరం పేరుతో కలవకపోతే పాత స్పెల్లింగ్ ఏమిటో వెతకండి.

నాలుగో పని: గుర్తులో ముక్కలు లెక్కపెట్టండి

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. మన కావ్యాల్లో శ్లేష ఎలా ఉంటుందో జపాన్ ఊళ్ల గుర్తుల్లోనూ అలాంటిది ఉంది. అది అంకెలతో వస్తుంది. జపనీస్‌లో తొమ్మిదిని ‘కు’ అని కూడా పలుకుతారు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని ఫుకుఓకా నగరం గుర్తు చూడండి. ముళ్లు ముళ్లుగా అల్లుకున్న జడలా ఉంటుంది. కదలకుండా ఒక్కో ముక్క లెక్కపెడితే అంకె ఏడు లాంటి ‘ఫు’ అక్షరాలు తొమ్మిది వస్తాయి. ‘ఫు’లు తొమ్మిది, అంటే ‘ఫు-కు’. ఊరి పేరు మొదలు అదే కదా!

హిరోషిమా దగ్గరలో సముద్రం ఒడ్డున కురే అనే నగరం ఉంది. ఒకప్పుడు నౌకాదళానికి పెద్ద స్థావరం. దాని గుర్తులో టిక్ మార్కు లాంటి ‘రే’ అక్షరాలు గుండ్రంగా తిరిగి ఉంటాయి. లెక్కపెట్టండి, తొమ్మిదే. ‘కు-రే’. ఆ ఊరి చుట్టూ ఉన్న తొమ్మిది కొండల వల్లే ఆ పేరు వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు.

అందుకని మీ నోట్‌బుక్‌లో అంకెల పలుకుబడులు కూడా రాసుకోండి. ఒకటి ‘ఇచి’, రెండు ‘ని’, మూడు ‘సాన్’ లేదా ‘మి’, నాలుగు ‘షి’ లేదా ‘యో’, అయిదు ‘గో’ లేదా ‘ఇ’, ఆరు ‘రోకు’ లేదా ‘ము’, ఏడు ‘షిచి’ లేదా ‘నానా’, ఎనిమిది ‘హచి’ లేదా ‘యా’, తొమ్మిది ‘క్యూ’ లేదా ‘కు’, పది ‘జూ’ లేదా ‘తో’. గుర్తులో ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చిందంటే వేలు పెట్టి లెక్కపెట్టండి. ఆ అంకె పలుకుబడిని ఊరి పేరులో వెతకండి.

పేరులో దొరకకపోతే ఆ అంకె చరిత్ర వైపు చూపిస్తుందేమో చూడండి. సకాయ్ నగరం గుర్తులో ‘నగరం’ అనే కాంజీ అక్షరం మూడుసార్లు ఉంటుంది, మూడూ వీపులు ఆనించి నిలబడ్డట్టు. సకాయ్ అంటే సరిహద్దు. సెత్సు, కవాచి, ఇజుమి అనే మూడు పాత రాజ్యభాగాలు కలిసే చోట ఆ ఊరు పుట్టింది. కితాక్యూషూ గుర్తు అయిదు రేకుల పువ్వు, నడుమ ‘ఉత్తరం’ అనే అక్షరం. మోజి, కోకురా, తొబాతా, యహతా, వకామత్సు అనే అయిదు నగరాలు 1963లో కలిసి ఆ నగరమయ్యాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి బృందం జపాన్ పర్యటనలో వెళ్లిన ఊరు ఇదే.

అయిదు అన్న అంకె ఇంకోచోట కూడా తగులుతుంది. 1858 ఒప్పందాల తర్వాత జపాన్ విదేశీ ఓడలకు అయిదు రేవులు తెరిచింది. నాగసాకి, యోకోహామా, హకోదాతే, కోబే, నిగాటా. నాగసాకి జెండాలో అయిదు కాగితపు కొంగలు నక్షత్రంలా చుట్టూ నిలబడి ఉంటాయి, మధ్యలో ‘నాగ’ అనే అక్షరం. ఆ రేవుకు కొంగల రేవు అనే పేరు ఉంది. నిగాటా గుర్తులో లంగరు, మంచు వలయం, అయిదు అనే అంకె కలిసి ఉంటాయి. రెండు ఊళ్లు దేశానికి చెరో మూల ఉన్నా, గుర్తుల్లో చెప్పుకున్న చరిత్ర ఒక్కటే.

అయిదో పని: అక్షరం దొరక్కపోతే వంశ చిహ్నం వెతకండి

జపాన్‌లో కుటుంబాలకు ‘కమోన్’ అనే వంశ చిహ్నాలు ఉంటాయి. వేడుకల్లో కట్టుకునే కిమోనోల మీద తెల్లగా అద్దకం వేసేవి, సమురాయ్‌లు యుద్ధంలో జెండాల మీద ఎగరేసేవి అవే. ఒకే రంగు, గట్టి గీత, దూరం నుంచి కూడా గుర్తుపట్టేలా గుండ్రటి ఆకారం. ఊళ్ల జెండాల రూపం కూడా సరిగ్గా ఇలాగే ఉండటానికి కారణం ఆ అలవాటే. కొన్ని ఊళ్లు తమను ఏలిన వంశం గుర్తునే తీసుకున్నాయి. కోట ఉన్న పాత పట్టణమైతే ముందు అక్కడి ప్రభువుల వంశం పేరు కనుక్కోండి.

నగోయా సంగతి మొదట్లోనే చెప్పాను. కగోషిమా గుర్తులో వలయంలో కూడిక గుర్తులాంటిది కనిపిస్తుంది. చూసినవాళ్లు శిలువ అనుకోవచ్చు. అది ఆ ప్రాంతాన్ని ఏలిన షిమాజు వంశం చిహ్నం, దానికి ‘నగరం’ అనే అక్షరాన్ని కలిపారు. చిబా నగరం గుర్తులో చంద్రుడు, నక్షత్రం ఉన్న చిబా వంశ చిహ్నం, లోపల ‘వెయ్యి’ అనే అక్షరం. ‘చి’ అంటే వెయ్యి. మాయెబాషి గుర్తయితే ఒట్టి మందపాటి వలయం, ఇంకేమీ లేదు. అక్కడి మత్సుదైరా ప్రభువులు యుద్ధంలో తమ ఉనికి తెలియడానికి మోయించిన గుర్తు అది. కనజావా గుర్తులో ప్లమ్ జాతి ‘ఉమె’ పువ్వు అంచు ఉంటుంది. మయెదా వంశం పువ్వు అది. లోపల ‘బంగారం’ అనే అక్షరం, ఊరి పేరులో మొదటి భాగం.

హిరోషిమా మూడు గీతలను నేను చాలాకాలం నది అనే అనుకున్నాను. అది సగమే నిజం. మూలం అసానో ప్రభువుల జెండా మీది మూడు తిన్నటి గీతలు. 1896లో నగర చిహ్నంగా చేసేటప్పుడు ఆ గీతలకు వంపు ఇచ్చారు, ఆ ఊరి నదుల పారుదల కనిపించేలా. వంశ చరిత్ర, భూగోళం ఒకే మూడు గీతల్లో ఇమిడిపోయాయి. కాబట్టి ఒక అర్థం దొరకగానే వెతకడం ఆపేయకండి, రెండోది కూడా ఉందేమో చూడండి.

ఉత్తరాన అఒమోరి ప్రిఫెక్చర్‌లో హిరోసాకి అనే నగరం ఉంది. దాని జెండా చూస్తే తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకు ఏ వివరణా అవసరం లేదు. స్వస్తిక్! త్సుగారు వంశం జెండా గుర్తు అది, 1900లో నగర చిహ్నమైంది. జపాన్‌లో దాన్ని ‘మంజి’ అంటారు. బౌద్ధం వెంట ఇక్కడి నుంచే అక్కడికి చేరింది. జపాన్ మ్యాపుల్లో బౌద్ధ ఆలయానికి అదే గుర్తు. ఒక్కటే తేడా, మనం గడప మీద, లెక్కల పుస్తకం మీద వేసే స్వస్తిక్ చేతులు కుడివైపు తిరిగితే, హిరోసాకి మంజి చేతులు ఎడమవైపు తిరుగుతాయి. నోట్‌బుక్‌లో గీసేటప్పుడు ఇది చూసుకోండి. అలవాటుకొద్దీ చెయ్యి మన వైపుకే పోతుంది.

ఆరో పని: నీళ్ల వైపు చూడండి

అక్షరమూ వంశమూ రెండూ కాకపోతే భూగోళం మిగులుతుంది. ఎక్కువసార్లు అది నీళ్లే. హకోదాతే గుర్తు సుడి తిరిగిన ‘తోమోయె’ ఆకారం, ఆ రేవు వంపు అలాగే ఉంటుందని దానికి తోమోయె రేవని పేరు. ఒసాకా గుర్తు 1894 నాటిది. ఆ గుంజను ‘మియోత్సుకుషి’ అంటారు. నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేటల మధ్య పడవ వెళ్లగలిగే లోతైన దారి ఎక్కడో చూపించడానికి నీళ్లలో పాతేవారు. అదే మాటను విడదీసి పలికితే ‘ఒళ్లంతా ధారపోసి’ అనే అర్థం వస్తుంది. పాత జపనీస్ కవులు ప్రేమ కవితల్లో ఈ శ్లేషను మళ్లీ మళ్లీ వాడారు. ఒక వ్యాపార నగరం తన జెండా మీద పెట్టుకున్న గుంజ వెనక వెయ్యేళ్ల కవిత్వం ఉంది. ఇంత అందమైన ఎంపిక ఇంకో నగరం చేసిందంటే నేను నమ్మను.

రంగుల మీద ఎక్కువ సమయం పెట్టకండి. చాలా గుర్తులు మొదట ఒకే రంగులో, గీతగా పుట్టాయి. టోక్యో ఊదా, క్యోతో నగరం గుర్తులోని ఊదా, బంగారు రంగులు లాంటి కొన్ని చోట్లే రంగుకు పాత కథ ఉంటుంది.

ఏడో పని: మీ అంచనాను సరిచూసుకోండి

ఇప్పటిదాకా చేసింది ఊహ. దాన్ని అలాగే వదిలేస్తే తప్పులు పాకిపోతాయి. ఊరి అధికారిక వెబ్‌సైట్ తెరవండి. దాదాపు ప్రతి ఊరూ తన గుర్తు, తన పువ్వు, తన చెట్టు, తన పక్షి అన్నీ ఒక పేజీలో పెడుతుంది. ఫోన్‌లో జపనీస్ కీబోర్డ్ వేసుకుని ఊరి పేరు పక్కన ‘షిషో’ అని కొట్టండి, అంటే నగర చిహ్నం. పట్టణమైతే ‘చోషో’, గ్రామమైతే ‘సోన్‌షో’. దానికి ‘యురాయ్’ చేర్చండి, అంటే పుట్టుక, మూలం. నాలుగు మాటలతో వివరణ దొరికేస్తుంది. అనువాదం యాప్ వాడవచ్చు, కానీ అక్షరాల శ్లేషను యాప్ చెడగొడుతుంది. ‘ఫు తొమ్మిది’ అనాల్సిన చోట ఏదో రాస్తుంది. ఆ వాక్యం మాత్రం అసలు రూపంలోనే దాచుకోండి, అక్షరం పక్కన అక్షరం పెట్టి చూడండి.

ఇంకా గట్టి ఆధారం కావాలంటే ‘రేకిషూ’ వెతకండి. అది ఆ ఊరి నిబంధనల సంపుటి, ఆన్‌లైన్‌లో ఉంటుంది. అందులో గుర్తు గీయాల్సిన కొలతలు, జెండా పొడవు వెడల్పులు, ఎప్పుడు ప్రకటించారో తేదీతో సహా దొరకవచ్చు. మీరు గుర్తును సొంతంగా గీయాలనుకుంటే ఆ కొలతల బొమ్మనే ముందు పెట్టుకోండి. కంపాస్, స్కేలు చాలు.

తేదీ జపాన్ చక్రవర్తుల శకంలో రాసి ఉంటుంది. మార్చడం తేలికే. మెయిజి సంవత్సరానికి 1867 కలపండి, తైషోకు 1911, షోవాకు 1925, హెయిసెయికి 1988, రెయివాకు 2018. ఉదాహరణకు మెయిజి 40 అంటే 1907, నగోయా, కోబే గుర్తులు ఆ ఏడాదివే. మెయిజి 42 అంటే 1909, యోకోహామా, ఫుకుఓకా. ఇక్కడ ఒక జాగ్రత్త. గుర్తు తీసుకున్న ఏడాది, జెండా చేసిన ఏడాది ఒకటే కానక్కర్లేదు. టోక్యోలో ఆ రెంటి మధ్య 75 ఏళ్లు గడిచాయి. నోట్‌బుక్‌లో రెండు తేదీలకు రెండు గళ్లు పెట్టుకోండి.

చివరి పని: పోయిన జెండాలను వెతకండి

జపాన్ ఊళ్లు కలిసిపోతూ వచ్చాయి. 1888లో 71,314 ఊళ్లు ఉంటే మరుసటి ఏడాదికి 15,859 అయ్యాయి. 1999లో 3,232 ఉన్నవి 2010 నాటికి 1,727కు తగ్గాయి. ఒక్క హమామత్సులోనే 2005లో 12 ఊళ్లు కలిశాయి. రెండు మూడు పట్టణాలు కలిసి కొత్త పేరు పెట్టుకుంటే, పాత జెండాలన్నీ దించి కొత్తది ఎగరేస్తారు. కొత్త జెండాల తీరు వేరు. సూర్యుడు, కొండ, సముద్రం అనుకునేలా రంగురంగుల వంపులు, హిరగానా మొదటి అక్షరమో రోమన్ అక్షరమో ఉంటాయి. 2001లో పుట్టిన సైతామా నగరం గుర్తు రోమన్ లిపిలోని ‘ఎస్’. వాటిని చదవడం సులువు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, తొమ్మిది ‘ఫు’లు లెక్కపెట్టిన ఆనందం వాటిలో దొరకదు.

అందుకని ఒక ఊరి జెండా పూర్తయ్యాక, ఆ ఊరిలో కలిసిపోయిన పాత పట్టణాలు, గ్రామాల పేర్లు కూడా రాసుకోండి. వాటి గుర్తులను కూడా ఇదే వరుసలో చదవండి. ముందు పేరు పలకడం, తర్వాత అక్షరం, అంకె, వంశం, నీళ్లు. మీరు జపాన్‌లో ఉంటే, లేదా ఎప్పుడైనా వెళ్తే, విలీనమైన ఊరి పాత వీధుల్లో తల వంచి నడవండి. జెండా దించేసినా మ్యాన్‌హోల్ మూతలను వెంటనే మార్చరు. పాత ఊరి గుర్తు ఇంకా ఇనుములో పోతపోసి అక్కడే ఉండవచ్చు. పైన నీళ్లు చల్లి తుడిస్తే గీతలు బాగా కనిపిస్తాయి. ఫోటో తీసుకోండి, కింద వీధి పేరు, తేదీ రాసుకోండి. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు ఆ మూత కూడా పోతుంది.